నిమ్మకాయ చేతిల ఓడిన కారు

కూసో బిడ్డా, ఆ ఫోను అవతల పెట్టి పెన్ను పట్టు. సక్కగ ఇని రాయి. నాంపల్లిల మా గల్లీ మొత్తం నా మొకం చూసి కడుపు పట్టుకొని నవ్విన కథ ఇది.

మా నాయన నాకిచ్చిన ఆస్తి ఒక్కటే, రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. ఏండ్లకేండ్లు వాకిట్ల పడుంటే పిల్లులు అండ్ల కాపురం పెట్టినయి. రిటైరైనంక నేనే బాగుచేసుడు షురూ చేసిన. మీ తాతది ఒకటే మాట: "దసరా నాడు గిది అబిడ్స్ దాకా పోయి రాకుంటే, తెల్లారి పాత సామాన్లు కొనే కబాడీకే!"

ఇంజన్ పలికింది, రంగు మెరిసింది. ఇగ ముందు చక్రాలను పట్టుకునే జాయింట్లు అరిగినయా అని చూసుడే మిగిలింది. పద్ధతి నాకు ఎరికే! జాకీ పెట్టి చక్రాన్ని గాల్లకు లేపాలె, మీదా కిందా పట్టి ఊపాలె. టకటకమంటే అరిగినట్టు.

కానీ పండుగ పొద్దున నేనేం చేసిన? ముందుగాల కారు చుట్టూ, చక్రాల నడుమ, ఇంత పెద్ద ముగ్గేసిన. బొట్లు పెట్టి, బంతిపూలు కట్టినంక యాదికొచ్చింది.

"జాకీ తేనా?" అన్నడు మీ తాత.

"వద్దు! ముగ్గు చెరుగుతది."

"మరెట్ల చూస్తవ్?"

"గిట్లనే."

నేల మీదున్న చక్రాన్నే పట్టి ఊపిన. కారు బరువంత మీదుంటే అదేం ఊగుతది? సర్కారు దఫ్తర్ల ఫైలు లెక్క కదల్లే. "చూసిన్రా, ఉక్కు!" అన్న. పెండ్లిచూపుల్ల కూసున్న పిలగాన్ని చూసి నడక మంచిగుందన్నట్టు!

గల్లీ అంత జమైంది. టైరు ముందల నిమ్మకాయ పెట్టి, మీ తాతను పక్క సీట్ల కూసోబెట్టి, దేవునికి మొక్కి, క్లచ్ ఇడిసిన. చక్రం నిమ్మకాయ మీదికెక్కింది. టక్! జాయింట్ ఊడింది. చక్రం కల్లు తాగినోని లెక్క పక్కకు ఒరిగింది. కారు మూతి పోయి ముగ్గులనే పడ్డది.

ఎదురింటి సుగుణక్క ఊకుంటదా? "అందరి కార్లు నిమ్మకాయను తొక్కుతయి. నీ కారును నిమ్మకాయ తొక్కింది గదనే!"

మీ తాత మెల్లగ దిగి, "ముగ్గు పైలం, చెరుగుతది," అన్నడు.

తెల్లారి మీ తాత పిలిపిచ్చిన కబాడాయన వచ్చి వంగి చూసిండు. "అమ్మా, చక్రం ఒరిగింది. గల్లీలకెళ్లి ఎట్ల గుంజాలె? బాగుచేయించి పిలువున్రి."

ఆయన కోసమని బాగుచేయించిన. బాగైనంక ఇగ అమ్ముడెందుకు? అండ్లనే మీ తాతను అబిడ్స్ తీస్కపోయి చాయ్ తాగిపిచ్చిన. రెండోది ఆయనే అడిగి తాగిండు!

ఇల్లలుకంగనే పండుగ గాదంటరు. ముగ్గెయ్యంగనే బండి నడవదని నేను కలిపిన. ఇగ పెద్దక్షరాలల్ల రాయి: ఏడేడు జన్మలకు, ముందు జాకీ, ఎనుకనే ముగ్గు. ఆ నిమ్మకాయ మీద ఒట్టేసి చెప్తున్న, ఇంకెప్పుడన్న చక్రం లేపకుంట...

ఆఁ, ఏందే కోడలా? అన్నం పెట్టినవా? ఏం చేసినవ్, నిమ్మకాయ పులిహోరనా? గీ నిమ్మకాయలు నన్ను సచ్చేదాకా ఇడ్సేటట్టు లేవు! వస్తున్న, వస్తున్న. బిడ్డా, ఆ ఒట్టుల అసలు మాట ఏందంటే, నేను... ఆఁ, వస్తున్ననే, మిగిలింది తిన్నంక రాద్దువు బిడ్డా!