చింతగింజ

రజాకార్ల ఆగడాలు ముగిసిన ఏడాది, పెద్దపల్లి స్టేషనులో బండి కోసం కూర్చున్నాను. నా పక్కన ఒక తల్లి, ఆమె చిన్న కూతురు. ఆ పిల్ల గడ్డిపోచలతో గుడిసె కట్టి, లోపల ఒక చింతగింజ పెట్టి, అగ్గిపుల్ల గీసి అంటించింది. నాకు ఒళ్లు మండి అగ్గిపెట్టె లాక్కోబోయాను. తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపకు అన్నా. రజాకార్లు మా ఇల్లు కాలవెట్టిన్రు. దీని బాపు లోపలనే ఉండె. అది సూసినప్పటి సంది పిల్ల మాట్లాడుతలేదు. రోజు గిట్లనే కాలవెడ్తది. నేను పక్కన కూసుంట."

పిల్ల మళ్లీ గుడిసె కట్టింది, మళ్లీ అంటించింది. ఈసారి మంటలోకి చెయ్యి పెట్టి గింజను బయటికి లాగింది.

"ఉరుకు బాపూ!"

తల్లి గోళ్లు నా చేతిలో దిగాయి. బండి వచ్చింది. నేను చెయ్యి విడిపించుకోలేదు.