మేడ మీద ఆఫీసు

నేను ఓర్వలేని మనిషిని. ఈ మాట ఇంకెవరైనా నా ముఖం మీద అంటే ఊరుకోను గానీ, రాసేటప్పుడు దాచుకోవడం దేనికి. నా యారాలిని, అంటే మా మరిది భార్యను చూసి ఏడాది పాటు కుళ్ళుకున్నాను.

మేమిద్దరం సిద్దిపేటలో ఒకే సర్కారు ఆఫీసులో పనిచేస్తాం. ఇల్లు కూడా ఒకటే. కింద మేము, మేడ మీద వాళ్ళు. ఆఫీసులో నాది తపాలు సీటు. జనం తెచ్చే దరఖాస్తులు తీసుకుని, నంబరు వేసి, స్కాన్ చేసి కంప్యూటర్లో ఎక్కించడం నా పని. నేను ఎక్కించినవి తనకు పోతాయి. తను చదివి, నోట్ రాసి, సారుకు పంపుతుంది. నిరుడు స్కూటీ మీద నుంచి పడి తన కాలు విరిగింది. మానేదాకా ఇంటి నుంచే ఫైళ్ళు చూసుకొమ్మని సారు మూడు నెలలు పర్మిషన్ ఇచ్చారు. కట్టు విప్పారు, కొంచెం కుంటుతూ నడక కూడా వచ్చింది, పర్మిషన్ మాత్రం అలాగే సాగింది. పని ఆగడం లేదు కదా అని సారు కూడా పట్టించుకోలేదు.

నాకేమో పదిన్నర లోపల ఆఫీసు గేటు దాటి ఫోనుకు ముఖం చూపిస్తేనే హాజరు పడుతుంది. ఆటో కోసం ఎండలో నిలబడి, జిడ్డు కారుతూ పోతే ఆ దిక్కుమాలిన ఫోను నన్ను గుర్తుపట్టేది కాదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూపించాలి. ఆ వేళకు తను మేడ మీద మంచంలో, తలకు నూనె పెట్టుకుని, వెనక దిండు వేసుకుని, నిన్న నేను ఎక్కించిన కాగితాలే తెరుస్తూ ఉంటుంది. జీతం ఇద్దరికీ ఒకటో తారీఖునే. తలుచుకుంటేనే ఒళ్ళు మండేది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పితే చాలు, ఆఫీసులో ఇదే పంచాయితీ. నంగునూరు నుంచి రోజూ బస్సులో వచ్చే టైపిస్టు, వారానికి రెండు రోజులైనా అందరికీ ఇంటి నుంచి పని ఇవ్వాలనేది. ఫైలు కంప్యూటర్లో ఉన్నాక మనం ఎక్కడ కూర్చుంటే ఏంటని దాని వాదన. మనం రాసేది కంప్యూటర్లోనే అయినా, అడగడానికి వచ్చేది మనుషులు కదా అని అటెండరు అడ్డం పడేవాడు. అందరికన్నా గట్టిగా మాట్లాడేది నేనే. సర్కారు నౌకరీ అంటే జనం ముందర కూర్చునే నౌకరీ, ఇంట్లో కూర్చోవాలనుకునేవాళ్ళు రాజీనామా ఇచ్చి కూర్చోవాలి అనేదాన్ని. జనం మీద ప్రేమతో అన్నాననుకునేరు. నా ఎదురుగా ఖాళీగా ఉన్న తన కుర్చీని చూస్తే వచ్చే మాటలవి.

అసలు మంట ఆ కుర్చీది కూడా కాదు. మా పాపది. ఒకటో తరగతి. నాలుగింటికి స్కూలు వ్యాను దింపుతుంది. మా ఆయనా, మరిదీ వాళ్ళ దుకాణం కట్టేసి వచ్చేసరికి ఎనిమిది, నేను వచ్చేసరికి ఆరున్నర. ఈ రెండున్నర గంటలూ పిల్ల మేడ మీదే. తను అన్నం తినిపిస్తుంది, హోంవర్క్ చేయిస్తుంది, రెండు జడలు విప్పి మళ్ళీ వేస్తుంది. తనకింకా పిల్లలు లేరు. నేను వచ్చి కింద నుంచి పిలిస్తే "ఇంకొంచెం సేపు" అని సమాధానం వస్తుంది. నా బిడ్డ నాకే ఇంకొంచెం సేపు అంటుంది.

ఒకరోజు సాయంత్రం పాప మేడ దిగివచ్చి నన్ను చూసి నవ్వింది. ముందు పన్ను లేదు. ఎప్పుడూడిందే అంటే స్కూలు నుంచి రాగానే అంది. చిన్నమ్మ ఆవుపేడ తెప్పించి, అందులో పన్ను పెట్టి, ఇంటి మీదికి పాపతోనే విసిరించిందట. నా బిడ్డకు ఊడిన మొదటి పన్ను. అప్పుడు నేనేం చేస్తున్నాను? ఎవరిదో దరఖాస్తు స్కాన్ చేస్తున్నాను. ఆ రాత్రి యారాలితో మాట్లాడలేదు. తను కిందికి పంపిన కూర గిన్నె మూత కూడా తీయలేదు.

మర్నాడే దుబ్బాక నుంచి నేత పనిచేసే ఒక పెద్దాయన వచ్చాడు. రికార్డుల్లో వయసు తప్పు పడిందని దరఖాస్తు పెట్టుకున్నాడు. రావడం అది మూడోసారి. ఫైలు నడుస్తోందని ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. మా దగ్గరికొచ్చే వాళ్ళంతా అంతే, కాగితం చూసే మనిషిని కళ్ళారా చూస్తే తప్ప వాళ్ళకు ధీమా ఉండదు.

"నా కాయితం ఎవరి కాడ ఉన్నదో జర చూపెట్టు బిడ్డా, ఒక్కపారి దండం పెట్టుకొని పోత" అన్నాడు.

చూపించడానికి ఎదుట ఖాళీ కుర్చీ ఉంది. నాకు ఏ బుద్ధి పుట్టిందో, రసీదు వెనక మా ఇంటి గుర్తులు రాసిచ్చాను. ఆ మేడం ఆఫీసుకు రాదు, ఇంట్లోనే ఉంటుంది, మేడ మీదికి పొమ్మన్నాను. హాయిగా కూర్చున్నావు కదా, నువ్వూ జనాన్ని చూడు అనుకున్నాను.

నేననుకున్నట్టు తను విసుక్కోలేదు. ఆయనను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఫైలు తెరిచి చూపించి, తక్కువైన కాగితం ఏదో చెప్పి పంపింది. వారం తిరక్కముందే ఆయన పని అయిపోయింది. ఆయన నలుగురికి చెప్పాడు, ఆ నలుగురు ఇంకో నలుగురికి. అడిగినవాళ్ళకు నేనూ దారి చెబుతూనే ఉన్నాను. ఎవరో వద్దంటున్నా వినకుండా మెట్ల మీద మక్క కంకుల సంచి పెట్టి పోయారు. అక్కడి నుంచి తిరిగొచ్చి కౌంటరు దగ్గర నాకే చెప్పేవాళ్ళు, ఆ మేడం మంచి మేడం అని. అది విని నా కుళ్ళు రెండింతలైంది.

నెల తర్వాత తపాలులో ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఫలానా ఉద్యోగిని ఇంట్లోనే దుకాణం తెరిచింది, ఫైలుకింత అని సంచులు తీసుకుంటోంది అని. రెండుసార్లు చదివాను. అదంతా అబద్ధమని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? పక్కన పెట్టి, సాయంత్రం తనకు చూపించవచ్చు. సారు దగ్గరికి పోయి అడ్రసు ఇచ్చింది నేనే అని ఒప్పుకోవచ్చు. ఏ కాగితానికైనా నంబరు వేయాల్సిందే కదా అని నాకు నేనే చెప్పుకుని, నంబరు వేసి, స్కాన్ చేసి, సారుకు పంపాను. ఏ తపాలునూ అంత చురుగ్గా పంపి ఎరుగను.

సారు తనను పిలిపించారు. ఇంటి అడ్రసు జనానికి ఎవరిచ్చారని నా ముందే అడిగారు. తను నావైపు చూడకుండా "తెల్వది సార్" అంది. మెమో ఇచ్చి, సోమవారం నుంచి సీటుకు రమ్మన్నారు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని కావాలని టైపిస్టు అందరి సంతకాలతో పెట్టిన అర్జీ కూడా అదే దెబ్బకు పోయింది. గెలిచినట్టే అనిపించింది నాకు. ఆ ఆదివారం పాటలు పెట్టుకుని మరీ ఇల్లు కడుక్కున్నాను. పాప వచ్చే వేళకు కాస్త చూసుకొమ్మని పక్కింటామెకు చెప్పాలనుకుని, ఆ సంబరంలో మరిచిపోయాను.

సోమవారం తను కుంటుతూ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. రోజంతా తలెత్తలేదు. మూడున్నరకు లేచి నా కౌంటరు దగ్గరికొచ్చింది.

"అక్కా, రసీదు ఎనుక నీ రాత నేను మొదటి దినమే గుర్తువట్టిన. గది పోనియ్. నాలుగింటికి బిడ్డ వస్తది. గేటుకు తాళముంటది. నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

పిల్ల తల్లిని, నేనే పోతానన్నాను. సారును బతిమాలి, ఆటో పట్టుకుని ఇంటికి చేరేసరికి నాలుగూ పది. పాప గేటు ముందు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే పరుగెత్తుకొస్తుందని ఆటోలోంచే చేతులు చాపాను. పిల్ల లేచి నిలబడింది. ముఖం తెల్లబోయింది.

"నువ్వొచ్చినవేంది? చిన్నమ్మకు ఏమైంది?" అంది.

ఏం కాలేదు, ఆఫీసులో ఉంది అన్నాను. నమ్మలేదు. నేను తాళం తీయగానే నా చేతి కింద నుంచి దూరి, మెట్లెక్కిపోయి, మేడ మీద మూసిన తలుపు కొడుతూ ఏడుపు మొదలుపెట్టింది.