రజిని పేరు మీద తొమ్మిదేళ్లు

మా ఆవిడ శాంతకి కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడు రోజులు డయాలిసిస్ చేయించాల్సి వచ్చింది. రైల్వే ఆసుపత్రివాళ్లు ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి రాసిచ్చారు. అక్కడ మెషీను దగ్గర ఉండే అమ్మాయే నీలవేణి. మేం తెలుగువాళ్లమని తెలిసిన మొదటి రోజే నన్ను బాబాయ్ అంది, శాంతని పిన్నీ అంది. మూడేళ్లు శాంత చెయ్యి ఆ పిల్ల చేతిలోనే ఉంది.

నీలవేణి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె చదువంతా ఇక్కడ హిందీలోనే సాగింది. డయాలిసిస్ డిప్లొమా మాత్రం విశాఖపట్నంలో మేనత్త ఇంట్లో ఉండి చేసింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవడం రాదు. రాయడం వచ్చింది తన పేరొక్కటే. తండ్రి చిన్నప్పుడు పలక మీద దిద్దించాడట. అందుకని ఎక్కడైనా సంతకం తెలుగులోనే పెట్టేది.

శాంత పోయిన ఏడాదే ఆమె ఆ ఆసుపత్రి మానేసి వేరేచోట చేరింది. ఆ తర్వాత మాకు రాకపోకలు లేవు. రెండేళ్లు గడిచాక, జులైలో ఒక ఆదివారం పొద్దున్న, కూతుర్ని ఇంట్లో వదిలి, భర్త గిరిబాబుతో కలిసి మోప్కాలో మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో ఉన్నది ఆమేనని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. అంతగా చిక్కిపోయింది.

"ఏటమ్మా ఇలాగైపోయావు? ఒంట్లో బాగులేదా?" అన్నాను.

"ఒళ్లు బాగానే ఉంది బాబాయ్. నేను ఆ ఆసుపత్రిలో పనిచెయ్యలేదట," అంది.

నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. అప్పుడు చెప్పింది.

వాళ్లు కెనడాకి దరఖాస్తు పెట్టుకుంటున్నారు. వెళ్లాలన్న కోరిక నీలవేణిదే. ఇంగ్లీషు పరీక్ష రెండోసారికి గట్టెక్కింది. పనిచేసిన ప్రతి చోటినుంచీ ఒక లేఖ కావాలన్నారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏ ఏ పనులు చేసిందీ అందులో ఉండాలి. ఇప్పుడు చేస్తున్నచోట రెండు రోజుల్లో ఇచ్చేశారు. పాత ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు చేసింది. అసలు బలం ఆ లేఖదే. దానికోసం వెళితే, సిబ్బంది వ్యవహారాలు చూసే ఓంకార్ అనే ఆయన కంప్యూటర్లో వెతికాడు.

"మేడమ్, మీ పేరు లేదు."

"సరిగ్గా చూడండి భయ్యా. నీలవేణి. డయాలిసిస్. రెండువేల పదమూడు నుంచి ఇరవై రెండు దాకా."

"డయాలిసిస్ టెక్నీషియన్, పదమూడు నుంచి ఇరవై రెండు... ఆఁ, ఉంది. రజిని. ఆవిడకి మార్చిలోనే లెటర్ ఇచ్చేశాం కదా?"

ఆయన కొత్తగా చేరినవాడు, లోగుట్టు తెలియదు. నమ్మకం కలగాలని స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. ఆ లేఖలో అంతా ఉంది. రోజుకి మూడు షిఫ్టుల రోగుల్ని చూసిందని, నలుగురు జూనియర్లకి పని నేర్పిందని, కరోనా రోజుల్లో సెలవు లేకుండా యూనిట్ నడిపిందని. ప్రతి మాటా నిజమే. పేరు ఒక్కటే వేరు.

"నాకు మొదట నవ్వొచ్చింది బాబాయ్. పొరపాటున వేరే పేరు అతికించారేమో అనుకున్నాను. కాని రజిని ఎవరో నాకు తెలుసు. నేను చేరిన ఏడాది రిసెప్షన్‌లో కూర్చునేది. పదకొండు నెలలకే పెళ్లయి మానేసింది. మెషీన్ల గదిలోకి ఒక్కసారైనా రాలేదు."

ఆమె తిన్నగా ఆసుపత్రి యజమాని గదిలోకి వెళ్లింది. ఆయన కూడా డాక్టరే. కూర్చోమనలేదట.

"నీ డిప్లొమా ఈ రాష్ట్రంలో రిజిస్టర్ కాలేదు. రజినికి ఇక్కడి డిప్లొమా కాగితం ఉంది, అది రిజిస్టరైంది. ఇన్‌స్పెక్షన్‌కి ఒక పేరు చూపించాలి, చూపించాం. నీకు పని దొరికింది కదా. ఇప్పుడు పేరు మారిస్తే నా లైసెన్సు పోతుంది," అన్నాడు.

రిజిస్టర్ చేయించే పూచీ నాదని చేరిన రోజు అన్నది ఆయనే. జీతం ఎప్పుడూ కవర్లో పెట్టి ఇచ్చేవారు. పై నుంచి తనిఖీ వచ్చే రోజున మాత్రం నీలవేణికి సెలవిచ్చేవారు. "పాపం, ఒక్కరోజైనా రెస్ట్ తీసుకో" అనేవారు. తొమ్మిదేళ్లూ అది దయ అనుకుంది ఆ పిల్ల.

అక్కణ్నుంచి ఎలా నడిచిందో తనకే తెలియదు. స్టేషన్‌కి వెళ్లి, ప్లాట్‌ఫారం మీద ఉన్న రాయపూర్ లోకల్ ఎక్కేసింది. బిల్హా స్టేషన్లో ఒక ముసలమ్మ "బేటీ, ఏడుస్తున్నావెందుకు?" అని అడిగితే గాని తను రైల్లో ఉన్నట్టు తెలియలేదు. అక్కడ దిగి గిరిబాబుకి ఫోన్ చేసింది. అతను మోటారు సైకిల్ మీద వెళ్లి తీసుకొచ్చాడు. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. పని మాత్రం ఒక్కరోజూ మానలేదట.

అప్పుడు గిరిబాబు అందుకున్నాడు. అతను వ్యాపార్ విహార్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా.

"మా దగ్గర సరుకు పంపితే బిల్టీ, అదే సరుకు రసీదు, మూడు కాపీలు రాస్తాం అంకుల్. మా కాపీ పోయినా పార్టీ దగ్గర ఒకటి ఉంటుంది. మీ దాంట్లో పార్టీ ఎవరే అని ఈమెని అడిగాను. పేషంటు అంది. పేషంటు దగ్గర ఏం కాగితం ఉంటుందంటే, డయాలిసిస్ బుక్కు అంది."

ఆ పుస్తకం నాకు తెలుసు. ప్రతిసారీ తేదీ, ముందు బరువు, తర్వాత బరువు, బీపీ రాసి చివర టెక్నీషియన్ సంతకం పెట్టి రోగి చేతికి ఇస్తారు. మళ్లీ వచ్చినప్పుడు తీసుకురావాలి. శాంతవి నాలుగు పుస్తకాలు. వాటిని తన సంచీలోనే పెట్టుకునేది, నేనెప్పుడూ తెరిచి చూడలేదు.

మా ఇంటికి రాకముందే వాళ్లు పదకొండు ఇళ్లు తిరిగారు. తొమ్మిది ఇళ్లల్లో రోగి అప్పటికే చనిపోయాడు. నీలవేణికి ఆ చావు కబుర్లు సగం గుమ్మంలోనే తెలిశాయి. మందుల వాసన ఇంట్లో వద్దని ఒకరు పుస్తకాలు తగలబెట్టేశారు. ఒకరు తలుపు తియ్యలేదు. మొత్తానికి ముగ్గురి పుస్తకాలు దొరికాయి.

నేను బీరువా పై అరలోంచి ఆ సంచీ దించాను. శాంత పోయాక దాన్ని తాకలేదు. నీలవేణి పుస్తకం తెరిచింది. పేజీ తరవాత పేజీ, ప్రతి వరస చివరా గుండ్రటి తెలుగు అక్షరాల్లో 'నీలవేణి' అని ఉంది. ఆ ఆసుపత్రిలో తెలుగు రాయగల మనిషి ఇంకొకరు లేరు. రజిని సంతకం అని ఎవరు అనగలరు?

"పాన్ కార్డు మీదా ఇదే సంతకం. పాస్‌పోర్టు మీదా ఇదే," అన్నాడు గిరిబాబు. మొదటిసారి అతని మొహంలో వెలుగు కనిపించింది.

నేను మాత్రం వేరే వరస దగ్గర ఆగిపోయాను. నవంబరులో ఒక గురువారం. బీపీ అరవై అని ఉంది. పక్కన ఇంగ్లీషులో 'స్పృహ తప్పింది, ఇరవై నిమిషాలు' అని రాసి ఉంది. ఆ రోజు నేను బయట బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. శాంత నవ్వుకుంటూ బయటికొచ్చి "ఆకలేస్తోంది, పదండి" అంది. పేజీ తిప్పితే అలాంటివి మరో నాలుగు.

"ఏటమ్మా ఇది? నాకెందుకు చెప్పలేదు?" అని ఆ వరస మీద వేలు పెట్టి అడిగాను.

నీలవేణి తల వంచుకుంది. "పిన్ని ఒట్టు వేయించుకుంది బాబాయ్. ఆయనకి చెబితే ఇంటికెళ్లేదాకా నా చెయ్యి వదలడు, ఆయనకే బీపీ పెరుగుతుంది అంది. డాక్టరుగారికి చెప్పాను. మీకు చెప్పలేదు. తప్పే."

నేను పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. కోపమొచ్చిందా అంటే చెప్పలేను. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసినావిడ అయిదుసార్లు చావు అంచుదాకా వెళ్లొచ్చి నాతో కూరగాయల ధర మాట్లాడింది. లోపలికి వచ్చి పుస్తకాలు నాలుగూ నీలవేణికి ఇచ్చేశాను.

మర్నాడే కోర్టు దగ్గర నోటరీ ముందు ప్రమాణపత్రం రాసిచ్చాను. సీతారామయ్య అనే నేను, రిటైర్డ్ రైల్వే పార్సిల్ క్లర్కుని, మూడేళ్లపాటు నా భార్యకి డయాలిసిస్ చేసింది ఈమేనని. పుస్తకాలిచ్చిన ముగ్గురూ రాసిచ్చారు. ఆ రోజుల్లో అక్కడ పనిచేసి రాయపూర్ వెళ్లిపోయిన కిడ్నీ డాక్టరు తన సొంత లెటర్‌హెడ్ మీద రెండు పేజీలు రాశాడు. లేఖ ఎందుకు దొరకలేదో నీలవేణి ఉన్నదున్నట్టు రాసి అన్నిటికీ పైన పెట్టింది.

ఇదంతా జరుగుతుండగా ఆమె నన్ను ఒకచోటికి రమ్మంది. రజిని ఇంటికి. ఆమె మస్కట్‌లో డయాలిసిస్ సెంటర్లో చేరబోతోందని ఓంకార్ నోరు జారాడట.

"నా పేరు పోతే పోయింది బాబాయ్. ఆవిడ అక్కడ సూది గుచ్చితే ఏటవుతుంది?"

రజిని మమ్మల్ని చూసి తెల్లబోయింది. నీలవేణి అరవలేదు, తిట్టలేదు. హిందీలో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మెషీన్ నడుస్తోంది. ట్యూబులో గాలి బుడగ కనిపించింది. మొదట ఏం చేస్తావు?"

"అక్కడ నేర్పిస్తామన్నారు," అంది రజిని.

"లెటర్లో తొమ్మిదేళ్లని ఉంది. నీకెవరూ నేర్పరు రజినీ. మొదటి రోజే మనిషిని ఇస్తారు. బుడగ గుండెకి చేరితే మనిషి పోతాడు."

అప్పుడు రజిని అసలు సంగతి చెప్పింది. ఆ లేఖ తెచ్చింది వాళ్లాయనట. పాత రిజిస్ట్రేషన్ ఉంది కదా, ఊరికే పోనివ్వడమెందుకని అడిగి తెచ్చాడట. రిసెప్షన్‌లోనే పనిచేశానని రాసివ్వమంటే రజిని భయపడింది, రాసివ్వలేదు. కాని మస్కట్ వెళ్లలేదు. ఇప్పుడు ఒక బట్టల కొట్లో కౌంటర్ దగ్గర ఉంటోందని విన్నాను.

ఆరోగ్యశాఖకి నీలవేణి ఫిర్యాదు పెట్టింది. దానికి ఈ రోజుదాకా జవాబు లేదు.

కెనడావాళ్లు అయిదు నెలలకి ఒక్క ప్రశ్న అడిగారు. సంతకం ఏ లిపిలో ఉంది, అనువాదం పంపండి అని. అధికారిక అనువాదకుడి చేత ఆ ఒక్క మాటా అనువదించి పంపించారు. మరి మూడు నెలలకి, ఏప్రిల్ ఆఖర్లో, వీసా వచ్చింది. గిరిబాబు ఆఫీసునుంచే ఫోన్ చేశాడు. "అంకుల్, అంకుల్" అని రెండుసార్లు అని పెట్టేశాడు.

సెప్టెంబరులో కూతురితో సహా వెళ్లారు. అక్కడ మెషీను ముట్టుకోవాలంటే మళ్లీ పరీక్ష రాయాలట. అందాకా ఒక ఆసుపత్రిలో గదులు, పరికరాలు శుభ్రం చేస్తోంది. మొన్న ఫోన్లో "కష్టంగా ఉందా అమ్మా?" అని అడిగాను.

"ఉంది బాబాయ్. కాని మొదటి రోజే మెడలో కార్డు వేశారు. దాని మీద నా పేరుంది," అంది.