ముందు కిటికీ, తర్వాత పటం

పోయిన శుక్రవారం నా భార్య చనిపోయింది. ఆ పొద్దున ఎప్పటిలాగే బడికి పోయింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, గుండెల్లో మంటగా ఉందని మంచం మీద కూర్చుంది. డాక్టరును పిలుస్తానన్నాను. "ఎప్పుడూ వచ్చేదేలెండి. సోడా తెప్పించండి," అన్నది. సోడా వచ్చింది. ఆమె తాగలేదు.

"ఎప్పుడూ వచ్చేదే" అని ఇంకొకరు అంటే ఆమె ఒప్పుకునేది కాదు. ఈ బడి పత్రిక చదివే మీలో చాలామందికి ఆమె భూగోళం చెప్పిన టీచరమ్మ. గోడకు పటం తగిలించే ముందు అందరినీ కిటికీల దగ్గరికి పంపేది. కనిపించింది చెప్పాలి, తెలిసింది చెప్పకూడదు. ఒకడు పెన్న నది నీలంగా ఉంటుందన్నాడట. "పటంలో నీలంగా ఉండాదని చెంబు తీసుకోని పోవద్దప్పా, ఇసుక తెచ్చుకుంటావు," అన్నదట.

నేను వేరుశనగ, శనగ చేలకు విమానంలోంచి పురుగుమందు చల్లే పైలట్‌ను. చల్లే ముందురోజు పోయి చోటు చూసుకుని రావాలి. పటం పట్టుకునే మనిషి రాని రోజుల్లో వెనక సీట్లో ఆమె కూర్చునేది. పటం మడిచి ఒళ్లో పెట్టుకునేది. కింద కనిపించేది నేను చెప్పిన తర్వాతే విప్పేది.

ఒక ఏడు కళ్యాణదుర్గం వైపు చెరువులన్నీ ఎండిపోయాయి. ఎండిన చెరువులో తేమ ఉన్నచోట శనగ వేసుకోవడం మా వైపు మామూలే. మేము చూడాల్సింది అలాంటి ఒక పెద్ద చెరువు. అనుకున్న వేళకే కట్ట కనిపించింది. పక్కన గుట్ట, లోపల పచ్చదనం.

"వచ్చేసినాం," అన్నాను.

ఆమె పటం విప్పి చూసింది. "గుట్ట మీద గుడి యాడ?"

"దుమ్ములో కనపడలేదు."

"కట్ట మీద మేకలు కనపడతాండాయి, గుడి కనపడదా? మీకు చెరువు కావల్ల, గుడి అక్కర్లేదు. కిందికి దించండి, చూద్దాం."

దించాను. పచ్చగా ఉన్నది తుమ్మకంప. దాని మధ్య చెలమలు తవ్వుకుని ఆడవాళ్లు బిందెల్లోకి నీళ్లు తోడుకుంటున్నారు. ఊరు తాగేది ఆ నీళ్లే. మరునాడు నేను మందు చల్లబోయింది వాటి మీద.

గాలి విమానాన్ని పక్కకు తోసిందన్నాను.

"గాలి రవ్వంత తోసింది. మిగతాది మీరే తోసుకున్నారు," అన్నది.

ఆమె చెప్పింది నిజం. ఇదే అని ఒకసారి అనుకున్నాక గుట్టా, పచ్చదనమూ వరసగా సాక్ష్యం చెప్పాయి. లేని గుడికి దుమ్మును సాకు పెట్టింది నేనే.

ఇప్పుడు ఆ వైపే మళ్లీ పురుగు పడింది. ఎల్లుండి చల్లాలి. సాయంత్రం పలకరించడానికి వచ్చిన మా మెకానిక్ పోతూ పోతూ, "ఆ దారి నీకు కండ్లు మూసుకున్నా వస్తాదన్నా. రేపు ఒక్కనివే ఒక చుట్టు చుట్టి రా, చాలు," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు.

రేపు పొద్దున విమానం తియ్యను. మొదటి బస్సుకు కళ్యాణదుర్గం పోయి, అక్కడి నుంచి చేల దాకా నడిచి, ఎదురైన వాళ్లను నీళ్లు ఎక్కడ తోడుకుంటున్నారని అడుగుతాను.