పట్టీ కింద గీత

పాత కార్లకు రంగు వేసే ఆ షెడ్డులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ దారం బాబాయే. చొక్కా జేబులో నలుగురూ పెన్ను పెట్టుకునే చోట అతను చేపల గాలానికి కట్టే నైలాన్ దారం చుట్ట పెట్టుకుంటాడు. ఇంట్లో చొక్కా నీళ్లలో వేసే ముందు భార్య ఆ జేబే తడిమి చూస్తుంది.

పాత కారుకు రంగు వేయాలన్నా, మెరుగు పెట్టాలన్నా ముందు దాని ఒంటి మీది నగలన్నీ విప్పాలి. తలుపుల మీద పొడుగ్గా సాగే పట్టీలు, డిక్కీ మీది అక్షరాలు, కిటికీల అంచున బీడింగులు. కొత్త కారుకైతే ఎవరైనా ఊడదీస్తారు. ముప్ఫై ఏళ్ల కారు సంగతి వేరు. జిగురు రాయిలా బిగిసి ఉంటుంది, దాని కింద రంగు ఉల్లిపొరలా పలచబడి ఉంటుంది. తొందరపడి లాగితే పట్టీతో పాటు రంగూ పెచ్చులుగా లేచి వచ్చేస్తుంది.

బాబాయి తొందరపడడు. ముందు పట్టీ చుట్టూ కాగితపు టేపు అంటిస్తాడు. తర్వాత జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో మెల్లగా వేడి చేస్తాడు. మధ్యమధ్య మణికట్టు ఆనించి చూస్తాడు, పసిపిల్లకు పోసే నీళ్లు చూసినట్టు. జిగురు మెత్తబడిందనిపించాక దారం రెండు చేతుల వేళ్లకూ చుట్టుకుని, పట్టీ వెనక్కి దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడిస్తాడు. మిగిలిపోయిన జిగురును కిరసనాయిలుతో తడిపి బొటనవేలితో ఉండలుగా దొర్లిస్తాడు. గోరు తగులుతుందని వారానికి రెండుసార్లు గోళ్లు తీసుకుంటాడు. స్క్రూడ్రైవరు పట్టుకుని ఎవరైనా అటుగా వస్తే చాలు, "ఆ గునపం అవతల పెట్టు" అని కసురుతాడు.

ఆ జాగ్రత్త మామగారి దగ్గర నేర్చింది. షెడ్డు అప్పట్లో ఆయనది. పెళ్లయిన నెలకే బాబాయి ఒక కారు తలుపు మీద స్క్రూడ్రైవరుతో గాటు పెట్టాడు. కొత్త అల్లుడు కదా, మామగారు ఒక్క మాట అనలేదు. ఉప్పుకాగితం చేతికిచ్చి ఆ తలుపు మొత్తం రుద్దించారు, వారం రోజులు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లలో అతని చేతి కింద గీత పడలేదు. ఇప్పుడు షెడ్డు నడుపుతున్న బావమరిది వచ్చినవాళ్లకల్లా అదే చెబుతాడు. "మా బావ మా అక్క నోరు మూయించలేడు గానీ, ఎంత మొండి పట్టీనైనా ఒలిచి చేతిలో పెడతాడు."

ఒక సోమవారం పొద్దున లేత నీలం రంగు కారు వచ్చింది. నడుపుకుంటూ వచ్చింది డెబ్బై దాటిన పెద్దాయన. పక్క సీట్లో ఆయన కూతురు, నలభై ఏళ్లుంటాయి. కారు మీద ఉన్నది కంపెనీ వేసిన రంగే. ఎక్కడా రెండోసారి చెయ్యి పడలేదు. పెద్దాయన ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసు కార్లకు డ్రైవరు. రిటైరయ్యాక మిగిలింది ఈ సొంత కారు.

"ముప్ఫై నాలుగేళ్లు స్టీరింగు పట్టాను నాయనా. నా చేతిలో ఏ బండికీ గీత పడలేదు," అన్నాడు కారు దిగుతూనే.

"మొదలెట్టావా నాన్నా," కూతురు నవ్వింది. "పొద్దున ఏం తిన్నావో అడిగితే చెప్పలేడండీ. గీతల సంగతి మాత్రం నిద్రలో లేపినా చెబుతాడు."

"తిన్నది గుర్తుపెట్టుకుని ఏం చెయ్యనే? మళ్లీ తింటానా దాన్ని?"

పట్టీల వెనక నీళ్లు చేరి తుప్పు మొదలైంది. వాటిని తీసి, మెరుగు పెట్టి, కొత్తవి వేయాలి. పాతవి కారు కొన్న ఏడాది పెద్దాయన తన చేత్తోనే అంటించాడట. ఆయన బంపరు తుడుచుకుంటూ అటు తిరిగినప్పుడు కూతురు గొంతు తగ్గించింది.

"మేస్త్రీ గారూ, నాన్నకు మతిమరుపు మొదలైంది. డాక్టరు గారు బండి మాన్పించమంటున్నారు. కానీ మా పాపను స్కూల్లో దింపేది ఆయనే. ఆ ఒక్క పని కోసమే పొద్దున లేస్తున్నాడు. చేతులకు ఇంకా అన్నీ గుర్తున్నాయి, ఆ ధైర్యంతోనే పిల్లను ఎక్కిస్తున్నా."

బాబాయి తలూపి పనిలో దిగాడు. మూడు పట్టీలు వెన్నలా వచ్చాయి. చూడ్డానికి పక్క కార్ల తాలూకు వాళ్లు ఇద్దరు చేరారు. బావమరిది కుర్చీ వేసుకుని కూర్చుని తన బావ గొప్పలు వాళ్లకు వినిపిస్తున్నాడు. కూతురికి ఫోనొస్తే గేటు దాకా వెళ్లింది. పెద్దాయన నీడలో బల్ల మీద కూర్చున్నాడు.

నాలుగో పట్టీ మధ్యలో దారం ఆగిపోయింది. అక్కడ ఏదో గట్టి గమ్ము చుక్క పడ్డట్టుంది. గట్టిగా లాగేసరికి దారం పుటుక్కున తెగింది. కొత్త ముక్క చుట్టాడు. అదీ తెగింది.

"బాబాయి దారం తెగిందిరోయ్!" అని రంగు కలిపే అతను కేకేశాడు. చూసేవాళ్లు నవ్వారు. బావమరిది చెబుతున్న గొప్ప మధ్యలో ఆగిపోయింది.

చేయవలసింది బాబాయికి తెలుసు. డ్రయ్యరు మళ్లీ పెట్టాలి, పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలూ అంతమంది ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. పక్క స్టూలు మీద లప్పం పెట్టే ఇనుప రేకు ఉంది. ఎవరూ చూడకుండా అరచేతిలో దాచి తీసుకుని పట్టీ వెనక దూర్చి నొక్కాడు. పట్టీ టక్కున ఊడింది. దాంతో పాటు రేకూ జారింది. పలక మీద బలపం కీచుమన్నట్టు చిన్న చప్పుడైంది.

నాలుగు వేళ్ల పొడుగు గీత. నీలం దాటి, కింది పూత దాటి, ఇనుము దాకా దిగింది.

రేకును ప్యాంటు జేబులో వేసుకునేటప్పటికి కూతురు ఫోను ముగించుకుని వచ్చి వెనకే నిలబడి ఉంది.

"ఇదేంటి మేస్త్రీ గారూ?"

చెయ్యి జారిందమ్మా అనాలి. రెండే మాటలు. నాలుక మీదికి వచ్చాయి కూడా. నోట్లోంచి వచ్చినవి మాత్రం వేరు.

"పాతదమ్మా. పట్టీ కింద ఇలాంటివి చాలా చూస్తుంటాం. గీత పడితే దాన్ని కప్పడానికే చాలామంది పట్టీ వేస్తారు."

ఆ మాట షెడ్డుల్లో కొత్తది కాదు. ఏళ్ల తరబడి మూసి ఉన్న చోటికి సాక్ష్యం ఉండదు కనక, చేతగానివాళ్లందరూ అనేదే. అలా అన్నవాళ్లను బాబాయి ఎన్నోసార్లు మొహం మీదే చీవాట్లు పెట్టాడు.

కూతురు తండ్రి వైపు చూసింది. పెద్దాయన లేచి వచ్చి వంగాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. వేలితో గీత పొడుగునా తడిమాడు.

"పట్టీ అంటించింది నేనే కదా," అన్నాడు చివరికి. "మరి నేనే చేసుంటాను. గుర్తులేదమ్మా." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఇందాకటి తన గొప్ప గుర్తొచ్చినట్టు, అక్కడ చేరిన ఇద్దరి వైపూ చూసి, చేసిన తప్పుకు దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు.

కారు వదిలేసి వాళ్లు వెళ్లాక బావమరిది వచ్చి గీత దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ముప్ఫై ఏళ్ల గీత! తుప్పు మచ్చ కూడా లేదు బావా, తోమిన గిన్నెలా మెరుస్తోంది. ఇలాంటిది మళ్లీ దొరకదు, ఫొటో తీసుకోనా?" భుజం తట్టి లేచాడు. "పోనీలే, గొడవ లేకుండా పోయింది."

బాబాయికి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బావుండేది. తనూ అందరిలాంటివాడేనని తేలినందుకు బావమరిది తేలికపడ్డట్టు కనిపించాడు.

ఆ గీతను వేరే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనే లప్పం పెట్టి, రుద్ది, ఆ లేత నీలం కుదిరేదాకా మూడుసార్లు కలిపించి, తనే వేశాడు. గీత ఉండేదని తెలిసినవాడు కూడా కనిపెట్టలేనట్టు మాయం చేశాడు. ఉన్న ఒక్క రుజువునూ చెరిపేశానని పని పూర్తయ్యాక తట్టింది.

గురువారం కారు తీసుకోవడానికి కూతురు ఒక్కతే వచ్చింది.

"నాన్నగారు రాలేదా అమ్మా?"

"బండి మానేశాడండీ. నేనేం అనలేదు, ఆయనే తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. గీత పెట్టి, దాన్ని దాచి, దాచిన సంగతే మర్చిపోయినవాణ్ని, పిల్లను నా చేతికివ్వకు అన్నాడు." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఒకందుకు మంచిదే అయింది. మీరు చూపించబట్టి తెలిసింది. మీ మేలు మర్చిపోను."

బాబాయి అప్పటికే తుడిచిన అద్దాన్ని మళ్లీ తుడిచాడు. ఆమె కారు తిప్పుకుని వెళ్లేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లి కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చున్నాడు.

"ఏంటలా ఉన్నారు, దారం మింగినట్టు?" అంది భార్య.

చెప్పాడు. మధ్యలో మాటకు అడ్డుపడే మనిషి, ఈసారి చివరిదాకా విన్నది.

"మతి పోతోందని ఆయనకు లోపల భయం ఉండే ఉంటుంది," అంది. "నిజమేనని మీరు చూపించి వచ్చారు."

"రేపు వెళ్లి చెబుతాలే."

"వెళ్లండి. మా తమ్ముడేమనుకుంటాడో అని మాత్రం ఆగకండి. వాడేమనుకుంటే ఎవడిక్కావాలి!"

శుక్రవారం పెద్దాయన ఇంటి వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడు. శనివారం పని ఉందన్నాడు. ఆదివారం పొద్దున భార్య ఉతికిన చొక్కా తెచ్చి మోకాళ్ల మీద పడేసి, గుమ్మం దగ్గర నిలబడింది. తొడుక్కుని బయల్దేరాడు.

పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. కారు వాకిట్లో ముసుగు కప్పుకుని ఉంది. బాబాయిని చూసి సంబరపడి కుర్చీ లాగాడు. బాబాయి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు: దారం రెండుసార్లు తెగడం, నవ్వులు, లప్పం రేకు, అబద్ధం. "గీత నాదండీ. మీ చేతిది కాదు. మీరు బండి మానక్కర్లేదు. క్షమించండి."

పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. విని చిన్నగా నవ్వాడు.

"లేదు నాయనా. నాకు గుర్తొచ్చింది."

"ఏం గుర్తొచ్చిందండీ?"

"వాన పడుతోంది. పెట్రోలు బంకు పక్క సందులోంచి బయటికి తీస్తున్నాను. మా ఆవిడ పక్క సీట్లో ఉంది. గోడ మేకు రాసుకుంది. చప్పుడు కూడా గుర్తే, గుండె జారిపోయింది. ఎవరికీ చెప్పకండి, మీ పేరు పోతుంది అంది. ఆ సాయంత్రమే వెళ్లి పట్టీలు కొన్నాను." ఆయన కళ్లు తడిగా మెరిశాయి. "నాలుగు రోజులు కూర్చుని ఆలోచిస్తే అంతా వచ్చేసింది."

"అలా జరగలేదండీ! రేకు నా చేతిలో…"

"నువ్వు మంచివాడివయ్యా. ముసలాడు కుమిలిపోతున్నాడని నీ మీద వేసుకోవడానికి వచ్చావు. ఈ రోజుల్లో ఎవరొస్తారు!" అని బాబాయి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

కూతురు మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. గ్లాసు కిటికీలో పెట్టి, లోపలికెళ్లి తాళం తెచ్చింది.

"నాన్నా, విన్నావుగా. నీ తప్పేం లేదు. తీసుకో."

"వద్దమ్మా. నా సంగతి నాకు తెలిసింది."

రెండోసారి అడిగింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

బాబాయి మెట్లు దిగితే ఆమె గేటు దాకా వచ్చింది. అరుస్తుందనుకున్నాడు. అరవాలనే కోరుకున్నాడు. ఆమె మామూలు గొంతుతోనే అంది.

"మా అమ్మకు కారు పడేది కాదు. ఎక్కితే వాంతులు. చనిపోయేదాకా ఒక్కసారి కూడా ఈ కారులో కూర్చోలేదు."

బాబాయి ముసుగు కప్పిన కారు వైపు చూశాడు.

"ఆ గుర్తొచ్చింది అబద్ధమని ఇప్పుడు నేను ఆయనకు చెప్పాలా? చెబితే మతి పోయిందని ఇంకా గట్టిగా నమ్ముతాడు. చెప్పకపోతే గీత ఆయనదే అవుతుంది." గేటు తీసి పట్టుకుంది. "సోమవారం ఒక్క మాట అనుంటే సరిపోయేది మేస్త్రీ గారూ. మీరింక రాకండి."

అతను వీధిలోకి అడుగు పెట్టాడు. వెనక వరండాలోంచి పెద్దాయన గొంతు వినిపించింది, సంతోషంగా, బిగ్గరగా.

"మీ షెడ్డు గురించి నలుగురికీ చెబుతాను నాయనా! నీలాంటి నిజాయితీపరుడు ఉన్నాడని చెబుతాను!"

బదులివ్వకపోతే మర్యాద కాదు. వెనక్కి తిరిగి చూడ్డానికి ముఖం చెల్లలేదు. తిరగకుండానే చెయ్యి పైకెత్తి ఊపి, నడుస్తూ పోయాడు.