ఆగు మేస్త్రి ముక్కు

"అంత తొందరగా ఉంటే మీరు లోపల కూర్చోండి సార్. తలుపు నేనే వేస్తాను. అప్పుడు విప్పుతాను."

ఈ ఒక్క మాటతో మా మెకానిక్ ఒక పెద్దమనిషి నోరు మూయించడం నేను కళ్లారా చూశాను. ఆ పెద్దమనిషి ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. నల్ల కళ్లద్దాలు, వేళ్ల మధ్య వెలుగుతున్న సిగరెట్టు. కారు ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి ఇంకా సెగలు కక్కుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎగిరెగిరి పడుతోందట. పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయింది, మార్చాలి. మెకానిక్ బానెట్టు ఎత్తి, అరచెయ్యి దూరంగా పెట్టి వేడి చూసి, "గంట ఆగాలి. ముందు ఆ సిగరెట్టు వీధి అవతల పారేసి రండి" అన్నాడు.

"గంటా? మెయిన్ రోడ్డు గ్యారేజీలో పది నిమిషాల్లో మార్చి పంపిస్తారు, తెలుసా?"

"తెలుసు సార్."

"మరి నీకేం రోగం?"

"గొట్టంలో పెట్రోలు ఊరికే పడుకుని ఉండదు సార్. పంపు దాన్ని నెట్టి పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు విప్పితే చిమ్ముకుంటూ వచ్చి ఈ పొగగొట్టం మీద పడుతుంది. దాని మీద నీళ్లు చల్లినా ఇప్పుడు చుయ్యిమంటాయి."

"నాకు పాఠాలు చెప్పకు. పని చెయ్యి."

అప్పుడన్నాడు ఆ మాట. అరవలేదు, మొహం చిట్లించలేదు. చుట్టాన్ని ఇంట్లోకి పిలిచినంత మర్యాదగా కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. కాంట్రాక్టరు తలుపు వంక చూశాడు, బానెట్టు వంక చూశాడు, తన చేతిలో సిగరెట్టు వంక చూసుకున్నాడు. కళ్లద్దాలు తీశాడు. వీధి దాటి వెళ్లి మరీ సిగరెట్టు నలిపేసి వచ్చి, నా కొట్టు ముందు బల్ల మీద గంటన్నర బుద్ధిగా కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగితే ఇచ్చాను, అదీ రెండోసారి అడిగాక.

నాది ఇస్త్రీ కొట్టు. మెకానిక్ షెడ్డుకూ నా కొట్టుకూ మధ్య ఒకటే గోడ. నేనతనికి అక్కను, అతను నాకు తమ్ముడు. రక్తసంబంధం ఏమీ లేదు, ఆ గోడ వల్ల వచ్చిన చుట్టరికమే. వీధిలో వాళ్లు అతన్ని ఆగు మేస్త్రి అంటారు. నోరు తెరిస్తే ముందు వచ్చే మాట "ఆగు" కాబట్టి. ముద్దుగా పెట్టిన పేరు కాదు, ఎగతాళికి పెట్టిందే. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతూనే ఉంది, అందుకే ఇదంతా రాస్తున్నాను. నేను మూడో తరగతి దాటలేదు. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ, మాట తిన్నగా ఉంటుంది.

అతను షెడ్డు తెరిచిన మొదటి వారమే నాతో గొడవ పడ్డాడు. "అక్కా, నీ బొగ్గులు ఓ గంట వెనక వాకిట్లోకి తీసుకెళ్లు, ఇక్కడ పెట్రోలు గొట్టం విప్పాలి" అన్నాడు. నాది బొగ్గుల ఇస్త్రీపెట్టె. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"పాతికేళ్లుగా ఇక్కడే నిప్పు పెట్టుకుని బతుకుతున్నాను. నిన్నగాక మొన్న దిగావు, నువ్వు నన్ను లేపుతావా? నువ్వే ఖాళీ చేసి పో!"

"పోతాను అక్కా. నేను పోతే ఇంకొకడొస్తాడు. వాడు నీకు చెప్పకుండా విప్పుతాడు."

ఒకరు చెబితే నేను కదలడం ఆ వీధిలో అదే మొదటిసారి. బొగ్గులు వెనక్కి మోసుకెళ్లాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం. అతను పెట్రోలు పని మొదలుపెట్టే ముందు షెడ్డు స్తంభానికి ఎర్రగుడ్డ కడతాడు. అది కనబడగానే నేను పెట్టె మూత వేసి వెనక వాకిట్లోకి వెళ్తాను. గుడ్డ విప్పాకే తిరిగొస్తాను. ఆ గుడ్డ నా పాత లంగాలో ముక్క. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

గోడకు పైన ఒక ఇటుక ఊడిపోయింది. దానిగుండా అతని పని ఎన్నో ఏళ్లు చూశాను. ముందు పంపుకి కరెంటు వెళ్లే ఫ్యూజు పీకుతాడు. ఇంజను స్టార్టు చేస్తాడు. గొట్టంలో మిగిలిన పెట్రోలు తాగి అది దగ్గి దగ్గి ఆగిపోతుంది. మళ్లీ ఒకసారి తాళం తిప్పి, ఇక ఏమీ లేదని చూసుకుంటాడు. బ్యాటరీ వైరు విప్పుతాడు. తలుపులన్నీ బార్లా తెరుస్తాడు. అప్పుడు ఒక చెయ్యి కారు ఇనుము మీద ఆనించి ఒక్క క్షణం నిలబడతాడు. గేదెను నిమిరినట్టు బండిని బుజ్జగిస్తున్నాడనుకున్నాను. అడిగితే, "ఒంట్లో కరెంటు ఉంటుంది అక్కా, చలికాలం ఉన్ని చొక్కా విప్పితే చిటపటలాడదూ, అది. ఆ ఒక్క రవ్వ చాలు" అన్నాడు. ఆ తర్వాత గొట్టం చుట్టూ గుడ్డ చుట్టి మెల్లగా విప్పుతాడు. ఇంత చేసినా ఓ గుక్కెడు పెట్రోలు కారుతుంది. దాన్ని మూత ఉన్న రేకు డబ్బాలో పడతాడు.

గొట్టాన్ని పట్టి ఉంచే పాత క్లిప్పులూ, అతుకుల్లో వేసే పాత రబ్బరు రింగులూ తీయగానే కటింగ్‌ప్లయరుతో రెండు ముక్కలు చేస్తాడు.

"బాగానే ఉంది కదా తమ్ముడూ, ఎందుకలా తుంచేస్తావు?"

"బాగానే ఉంది కాబట్టే అక్కా. బాగాలేనిదాన్ని ఎవరూ తిరిగి వెయ్యరు."

అతనికి పని నేర్పింది మేనమామ. ఆయన ఒకరోజు బాగానే ఉందని పాత క్లిప్పు తిరిగి వేశాడు. అది జారి పెట్రోలు కారి అంటుకుంది, రెండు చేతులూ కాలాయి. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన చొక్కా గుండీలు ఈ మేనల్లుడే పెట్టాడు. ఆ గుండీల సంగతి ఒక్కసారే చెప్పాడు, చొక్కా తీసుకోవడానికి వచ్చినప్పుడు. చెబుతూ నేను ఇస్త్రీ చేసిన చొక్కా గుండీ ఒకటి పెట్టీ తీసీ, పెట్టీ తీసీ చేశాడు. నేను కసురుకోలేదు.

అన్నీ బిగించాక ఇంజను స్టార్టు చెయ్యకుండా ఉత్త తాళం రెండుసార్లు తిప్పి, గొట్టాల్లో పెట్రోలు నిండనిస్తాడు. అతుకుల కింద తెల్లకాగితం పెట్టి తడి ఉందేమో చూస్తాడు. చివర్న కళ్లు మూసుకుని, ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి, ఒక్కో అతుకూ వాసన చూస్తాడు. ఆ ముక్కు సరేనన్నాకే తాళం బండివాడి చేతిలో పడేది. ఇరవై ఏళ్లలో అతను చేసిన బండి ఒక్కటి కూడా అంటుకోలేదు. ఒక్కటి! అయినా పేరేమో ఆగు మేస్త్రి. మెయిన్ రోడ్డు గ్యారేజీ ఓనరుకేమో దండం పెడతారు. ఆ ఓనరుకి పది నిమిషాలాయన అని నేనే పేరు పెట్టాను.

రెండేళ్ల కిందట తమ్ముడికి జ్వరమొచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. లేచి వచ్చాక అదే పని, అదే నిదానం. కానీ ఏదో తేడా. మా మరదలు, అంటే అతని భార్య, ఒకరోజు నవ్వుతూ చెప్పింది: "విరిగిన పాలతో పొరపాటున టీ పెట్టాను వదినా, బ్రహ్మాండంగా ఉందని తాగేశాడు." నేనూ నవ్వాను. ఆ వారంలోనే నేను ఎవరితోనో మాటల్లో పడి ఒక చొక్కా మాడ్చాను. నా చేతిలో చొక్కా మాడడం అంటే చిన్న విషయం కాదు, ఆ కంపుకి ఎదురింటివాళ్లు కిటికీలు మూశారు. అతను నా బల్ల మీదే కూర్చుని తాపీగా పేపరు చదువుతున్నాడు!

"తమ్ముడూ, ఏమైనా వాసన వస్తోందా?"

"రావడం లేదే. ఏం?"

మాడిన చొక్కా తీసి అతని మొహం ముందు పట్టుకున్నాను. దాన్ని చూశాడు. నన్ను చూశాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎవరికీ చెప్పకు అక్కా. జ్వరంతో నాకు వాసన తెలియడం పోయింది. డాక్టరు అది తిరిగి రావచ్చన్నాడు. రాకపోవచ్చనీ అన్నాడు. నేను ఇంకోసారి కాగితం పెట్టి చూస్తున్నాను, రెండు రెట్లు జాగ్రత్తగా ఉన్నాను. ఈ పని తప్ప నాకింకోటి రాదు."

చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని ఇప్పుడనిపిస్తుంది.

కొన్నాళ్లకు బడిపిల్లల వ్యాను ఒకటి వచ్చింది. నడిపేది ఒక అమ్మాయి, పదకొండు మంది పిల్లల్ని ఎక్కించుకుంటుంది. పంపు పోయింది. ఆ వ్యానులో పంపు వెనక సీటు కింద, ట్యాంకులోనే ఉంటుంది. స్తంభానికి ఎర్రగుడ్డ కట్టాడు, నేను బొగ్గులు వెనక్కి తీసుకెళ్లాను. సీటు తీసి, పాత పంపు తీసి, కొత్తది దించి, కొత్త రింగు వేసి మూత బిగించాడు. కాగితం పెట్టి రెండుసార్లు చూశాడు, పొడిగానే ఉంది. సీటు బిగించి గుడ్డ విప్పేశాడు. ఆ అమ్మాయి వీధిలో నిలబడి, బడి వదిలే వేళకు వచ్చేస్తానని ఫోనులో చెబుతోంది. తాళం అతని చేతిలో ఉంది.

బొగ్గులు ఇంకా వెనకే ఉన్నాయి. అతని చొక్కా ఇద్దామని వెళ్లి, వ్యాను తలుపులోకి తల పెట్టాను.

ఇక్కడ నా ముక్కు గురించి చెప్పాలి. అతని పనిబట్టలు నేనే ఇస్త్రీ చేస్తాను. పెట్రోలు పడిన ప్యాంటు మీద నిప్పుల పెట్టె పెడితే నా బతుకు అక్కడితో సరి. అందుకని ఒక్కో బట్టనూ వాసన చూసి, ఆరిందా లేదా తేల్చుకున్నాకే బల్ల మీద పరుస్తాను. ఇరవై ఏళ్లుగా అదే పని. ఆరిపోతున్న పెట్రోలు వాసన నీరసంగా ఉంటుంది. అప్పుడే పుడుతున్న వాసన ముక్కులో గుచ్చుతుంది.

గుచ్చింది.

"తమ్ముడూ, తాళం ఇవ్వకు."

"ఇందాకటి వాసనై ఉంటుంది అక్కా, కాస్త ఒలికింది."

"ఒలికింది కాదు. లోపలినుంచి వస్తోంది. నాకు చెబుతావా?"

మళ్లీ గుడ్డ కట్టాడు, మళ్లీ సీటు తీశాడు, మళ్లీ మూత విప్పాడు. అవతలి పక్క, సీటు ఇనుము కిందకు పోయే చోట, కొత్త రింగు మడతపడి నలిగి ఉంది. తడి లేదు, ఉత్త ఆవిరి. కాగితానికి ఆవిరి ఎలా అంటుతుంది? కిటికీలు మూసిన వ్యానులో, పదకొండు మంది పిల్లల కాళ్ల కింద ఆ ఆవిరి నిండి ఉండేది.

దాచుకోవచ్చు. దాచలేదు. ఆ అమ్మాయిని పిలిచి, నలిగిన రింగు అరచేతిలో పెట్టి, "తప్పు నాదమ్మా. నాకు వాసన తెలియడం లేదు. ఈ పూట పిల్లలకు వేరే బండి చూసుకో" అన్నాడు. ఆ పిల్ల రింగు తిరిగి అతని చేతిలో పెట్టింది. తర్వాత వేరే వ్యాను పిలిపించుకుంది. మర్నాడు, మళ్లీ కొత్త రింగు వేశాక, తన వ్యాను అతని దగ్గరే తీసుకుంది. కానీ మాట ఆగదు కదా. మూడో రోజుకి పది నిమిషాలాయన మా వీధిలోకి కారేసుకుని వచ్చాడు.

"ఏం మేస్త్రీ, ముక్కు పోయిందటగా! ఇంకెందుకు, షెడ్డు మూసెయ్యి. జనం ప్రాణాలతో ఆటలాడతావా?"

తమ్ముడు తల దించుకున్నాడు. నేను దించుకోలేదు. ఇస్త్రీపెట్టె బల్ల మీద దబ్బున పెట్టి వీధిలోకి దిగాను.

"ఏమయ్యా, మీ గ్యారేజీలో ఎంతమంది పని చేస్తారు?"

"ఎనిమిది మంది. ఏం?"

"ఎనిమిది ముక్కులూ బాగానే ఉన్నాయా? మొన్న నేను బట్టలివ్వడానికి వచ్చినప్పుడు మీవాడు ఇంజను పొగలు కక్కుతుండగానే గొట్టం పీకుతున్నాడు. పెట్రోలు నీళ్ల సీసాలో పట్టాడు. పక్కనే ఇంకొకడు బీడీ కాలుస్తున్నాడు. ఆ బీడీ వాసన నీకు తగల్లేదా? ఇతని ముక్కు జ్వరంలో పోయింది. నీకేం జ్వరమొచ్చింది?"

వీధిలో వాళ్లు నవ్వారు. ఆయన కారు అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు. నవ్వినవాళ్లే మర్నాటి నుంచి తమ బండ్లు ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. వాళ్లను ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. తప్పు తనే చెప్పుకున్నవాడు అపాయం, చెప్పుకోనివాడు మొనగాడు!

తమ్ముడు షెడ్డుకి తాళం వేశాడు. మూడు రోజులు. గోడ అవతల చప్పుడు లేకపోతే నాకు మడత కూడా సరిగా రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. జేబులోంచి నలిగిన రింగు తీశాడు. దాన్నొక్కదాన్నీ తుంచలేదు.

"అక్కా, షెడ్డు తెరుద్దామనుకుంటున్నాను. నువ్వు ఒప్పుకుంటేనే."

"నేనెవర్ని ఒప్పుకోవడానికి?"

"పని అయ్యాక ప్రతి బండీ నువ్వు వచ్చి వాసన చూడు. నువ్వు సరేనన్నాకే తాళం ఇస్తాను. సరే అనకపోతే మళ్లీ విప్పుతాను, ఎన్నిసార్లయినా." రింగు నా చేతిలో పెట్టాడు. "ఇంకోటి అక్కా. ఏ కాస్త వాసన తగిలినా నా మొహం చూసి ఊరుకోకు, నన్ను పక్కకు పిలిచి గుసగుసలాడకు. బండివాడి ముందే, వీధి వీధంతా వినబడేట్టు, నీకొచ్చినంత గట్టిగా అరిచి చెప్పు."