చెక్కగోడ అవతల ఐదో భాగం

మా ఇస్త్రీ కొట్టుకీ పక్కనున్న టైలరు కొట్టుకీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క. అటు ఎవరైనా తుమ్మితే ఇటునుంచి చిరంజీవ అనొచ్చు. ఆ చెక్కలోంచే నేను ఒకే కథ తాలూకు నాలుగు లావుపాటి భాగాలు విన్నాను. ఒక్కదాని అట్ట కూడా చూసి ఎరగను.

చదివేది టైలరు భార్య. కొట్టు పెట్టిన కొత్తలో గుండీలు కుట్టే పని ఆవిడదే. కానీ ఆవిడ చదువుతుంటే గానీ ఆయనకి చేతులు ఆడవట. దాంతో గుండీలు కూడా ఆయన నెత్తినే పడ్డాయి. ఆయన్ని నేను తమ్ముడంటాను, ఆవిడ నన్ను వదినా అంటుంది. చుట్టరికం ఏముంది నా మొహం, చెక్క కలిపిన చుట్టరికం.

కథ ఏమిటంటే, సముద్రం ఎండిపోయిన లోకం. నీళ్ళు ఎటుపోయాయో ఎవరికీ తెలీదు. ఓడలన్నీ అడుగున ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి, జనం వాటిల్లోనే కాపురాలు చేస్తుంటారు. ఓడ నడిపే సరంగు ఒకామె, పోయిన సముద్రాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఇదేం చోద్యం అనుకున్నాను మొదట్లో. తర్వాత్తర్వాత చెవి అటు పడేసి ఇస్త్రీ చేయడం అలవాటైంది. కుట్టుమిషను చప్పుడు ఆగిందంటే కథలో ఎవరి కొంపో మునిగిందన్నమాట. నాలుగో భాగం చివర్లో సరంగు అగాధంలో పడిపోయినప్పుడు నేను ఒక పెద్దమనిషి చొక్కా కాలరు మాడ్చేశాను.

“అది చావదు వదినా!” అని చెక్కకి నోరు ఆనించి అరిచింది మరదలు. “చచ్చిందని రాస్తే ఆ రాసినాయన ఇంటికెళ్ళి జుట్టు పట్టుకుంటా.”

ఐదో భాగం ఏళ్ళ తరబడి రాలేదు. ఈలోగా మరదలికి మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట కత్తెర ఎక్కడ పెట్టిందో మర్చిపోయేది. తర్వాత ఇంటికి దారి మర్చిపోయింది. ఇది వెనక్కి తిరిగే జబ్బు కాదనీ, ఉన్నన్నాళ్ళు ప్రేమగా చూసుకొమ్మనీ డాక్టరు చెప్పేశాడు. తమ్ముడు వింటేగా! మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఐదో భాగాన్ని పట్టుకున్నాడు.

“సరంగంటే దానికి ప్రాణం అక్కా. సరంగు బతికొచ్చిందని వింటే దానికి అన్నీ గుర్తొస్తాయి, చూడు.”

నాకు ఒళ్ళు మండింది. “మందులకి లొంగనిది పుస్తకానికి లొంగుతుందా? పిచ్చిగానీ పట్టిందా నీకు?” అని కసిరాను. కసిరానే గానీ, ఆ పుస్తకం ఎప్పుడొస్తుందా అని నేనూ ఎదురు చూశాను.

వచ్చింది. తమ్ముడు కుట్టుపని పక్కన పెట్టి, ఆవిడ తల దువ్వి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు. ఆయన చదువు సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. పొడుగు మాట ఎదురైతే చాలు, రెండు మూడుసార్లు పడి లేచేవాడు. అయినా ఏం పుస్తకం అమ్మా అది! నాలుగింటినీ తలదన్నేసింది. ఓడలో కాపలావాడిని ఒక దొంగ ముసలిది బురిడీ కొట్టించే చోట మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! తమ్ముడు చెక్క మీద టకటకా కొట్టాడు, విన్నావా అక్కా అన్నట్టు. నాకూ ఆశ పుట్టింది, సిగ్గులేకుండా.

మర్నాడు ఆ పేజీ రానే వచ్చింది. అగాధం అడుగున చిన్న దీపం. దీపం వెనక ఒక చెయ్యి. ఆ చెయ్యి సరంగుది! ఇస్త్రీపెట్టె అక్కడే నిలబెట్టి పరుగెత్తుకెళ్ళి వాళ్ళ కొట్లో పడ్డాను.

“బతికే ఉందే! నువ్వన్నట్టే బతికే ఉంది!” అని ఆవిడ చేతులు పట్టుకుని ఊపేశాను.

మరదలు నన్ను చూసి మర్యాదగా నవ్వింది. “ఎవరండీ ఈ సరంగు? మంచి ధైర్యస్తురాలిలా ఉంది. కథలోకి కొత్తగా వచ్చిందా?”

తమ్ముడు పుస్తకం మూసేశాడు. నాకు ఆయన మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

“అయ్యో, ఆపేశారేం?” అంది మరదలు. “భలే ఉంది టైలరు గారూ. ఇంత మంచి కథ నేను పుట్టాక వినలేదు.”

టైలరు గారట! గుమ్మంలో చొక్కా కొలతలకి వచ్చినవాళ్ళు పిలిచే పిలుపు. తమ్ముడు మళ్ళీ పుస్తకం తెరిచి, ఎక్కడ ఆపాడో వెతుక్కుని చదవసాగాడు. ఆవిడ అడిగితే కాదనగలడా? అలా రోజూ చదివాడు. ఆవిడ చప్పట్లు కొట్టి, కంగారుపడి, నవ్వి, పసిపిల్లలా విన్నది. నేను ఇటుపక్క వింటూ ఏడ్చాను. కథ ఎంత బాగుంటే అంత ఏడుపొచ్చింది. ముగ్గురిలో ఆ పుస్తకం రుచి తెలియనివాడు చదివినవాడొక్కడే.

పుస్తకం అయిపోయిన రోజు నేనూ వాళ్ళ కొట్లోనే ఉన్నాను. మరదలు అట్టని చేత్తో నిమిరింది.

“దీన్ని నాలుగు రోజులు ఇస్తారా టైలరు గారూ? మా ఆయనకి చదివి వినిపించాలి. ఇలాంటి కథలంటే ఆయన చెవి కోసుకుంటారు.”

“ఉంచుకోండమ్మా,” అన్నాడు తమ్ముడు.

ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వీధికేసి తిరిగి కూర్చుంది. దారిన పోయే ప్రతి మగమనిషినీ తలెత్తి చూసింది. పొద్దు వాలేసరికి ఆవిడకి కంగారు మొదలైంది. “ఈయన ఇంకా రాలేదేం?” అని లేచి గుమ్మందాకా వెళ్ళి వచ్చింది.

తమ్ముడు మిషను మీదికి వంచిన తల ఎత్తలేదు. “అక్కా,” అన్నాడు మెల్లిగా, “నేను రావడం ఆలస్యమవుతుందని దానికి చెప్పవూ?”

“మీ ఆయన రావడం ఆలస్యమవుతుందట,” అని మరదలికి చెప్పాను.

“ఎప్పుడూ ఇంతే!” అని మూతి తిప్పింది మరదలు. తమ్ముడి వైపు తిరిగి, “మీరే చెప్పండి టైలరు గారూ, ఇంట్లో పెళ్ళాం ఎదురు చూస్తూ ఉంటుందన్న ధ్యాస ఉండొద్దూ?”

“వస్తారమ్మా,” అన్నాడు తమ్ముడు.